మన సీమ వరహాలు : సేకరణ, పరిశీలన

లేపాక్షి వీరభద్రాలయమును దర్శింపబోయిన ప్రతి విద్యార్థికిని పెద్దలు ఒక గోడను చూపింతురు. ఆ గోడపై ఎఱ్ఱని మరకలు రెండు కలవు. రాజుగారి ధనమును అనుమతి లేక ఆలయమునకు వెచ్చించినాడన్న నింద మోసిన విరూపణ్ణ, తన కన్నులను తానే పెఱికి ఆ గోడకు విసరినాడని ఐతిహ్యము. సగములో నిలిచిపోయిన కల్యాణమండపమే అందుకు సాక్ష్యమని చెప్పుదురు. ఇది చరిత్రయా, కల్పనయా అను విచారము ఇచ్చట మా ఉద్దేశము కాదు. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అచ్యుతదేవరాయల కాలమున (క్రీ.శ. 1529-1542) ఈ ఆలయమును నిర్మింపజేసిరన్నది మాత్రము చరిత్ర.

మేము అనేక పర్యాయములు విద్యార్థులతో కలిసి ఆ గోడ యెదుట నిలిచితిమి. కన్నుల గుఱించి అడిగినవారు పలువురు. అయితే, "ఆ ఖజానాలో ఉండిన డబ్బు ఎట్టిది? దాని బరువెంత? దానిపై ఏ బొమ్మ ఉండెను?" అని అడిగినవారు ఒక్కరును లేరు. ఒక మనిషి కన్నులు పోగొట్టినదని మనము చెప్పుకొను ఆ ధనము ఎట్లుండెనో మన మెఱుగము. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానముగా వ్రాయబడినది.

వరహా అనగా నేమి?

విజయనగర రాజ్యమున ప్రధానమైన బంగారు నాణెము వరహా. దీనినే గద్యాణ మనియు వ్యవహరించిరి. చాళుక్యుల లాంఛనమైన వరాహము పేరే నాణెమునకు స్థిరపడినది. పోర్చుగీసువారు మొదలు ఐరోపావారందఱు దీనిని "పగోడా" అనిరి. దీని బరువు సుమారు 3.4 గ్రాములు, వ్యాసము మన చిటికెనవ్రేలి గోరుకంటె కొంచెము మాత్రమే పెద్దది. చూచుటకు చిన్నదైనను దళసరిగా నుండి చేతికి బరువుగా తోచును.

దీని చిల్లర లెక్కను మనకు స్పష్టముగా చెప్పినవాడు ఒక పారసీక రచయిత. హీరాత్ సుల్తాను షారుఖ్ రాయబారిగా క్రీ.శ. 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్, తన "మత్లా ఉస్ సాదైన్" అను గ్రంథమున ఇచ్చటి నాణెములను వర్ణించినాడు. ఆయన లెక్క ప్రకారము వరహా సుమారు ఒక మిస్ఖాల్ తూగును. వరహాలో సగము ప్రతాపము. ప్రతాపములో పదియవ వంతు పణము. పణములో ఆఱవ వంతు వెండి నాణెము తార. తారలో మూడవ వంతు రాగి నాణెము జీతలు. అనగా ఒక్క వరహాకు ఇరువది పణములు, నూటయిరువది తారలు, మూడువందల అఱువది జీతళ్ళు. వీనిలో పణమే జనులకు ఎక్కువ ఉపయోగమని కూడ ఆయన వ్రాసెను. సంతలో ఉప్పు, పప్పు కొనువానికి వరహాతో పని లేదు గదా!

మన కళాశాలలో ఉర్దూ, పారసీ అభ్యసించు విద్యార్థులు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపగోరెదము. తెలుగు, కన్నడ సీమల రాజు ముద్రించిన నాణెమునకు మంచి సాక్ష్యము పారసీ గ్రంథమున దొరకినది. ఆ రాజు ప్రౌఢదేవరాయలు. శ్రీనాథ కవిసార్వభౌమునికి దీనార టంకములతో కనకాభిషేకము జరిగినది ఈ రాజు సభలోనే యని ప్రసిద్ధి. "దీనారము" అను మాట రోమనుల "దెనారియస్" నుండి బయలుదేరి అరబ్బీకిని, సంస్కృతమునకును చేరినది. "టంకశాల" అను మన మాటలోని టంకమే ఢిల్లీ సుల్తానుల "టంకా". నాణెములవలె వాని పేర్లును దేశదేశములు తిరిగినవి.

బొమ్మను బట్టి రాజు

వరహాకు ఒకవైపు దేవతామూర్తియో, చిహ్నమో ఉండును. రెండవవైపు మూడు పంక్తులలో రాజు పేరుండును. ఈ పేరు ఎక్కువగా నాగరి లిపిలో కనబడును. తొలినాటి నాణెములలో కన్నడ లిపియు కలదు. రాజుల ఇష్టదైవములను బట్టి బొమ్మలు మారుచు వచ్చినవి.

తొలి రాజుల నాణెములపై హనుమంతుడు, గరుడుడు కనబడుదురు. రెండవ హరిహరరాయల కాలమున దంపతులైన దేవతలు, అనగా ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు వచ్చిరి. శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) ఈ సంప్రదాయమును మార్చి, వెన్నముద్దను చేత ధరించి కూర్చున్న బాలకృష్ణుని ముద్రింపజేసెను. ఆయన కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, నాణెముపై ఒకవైపు రెండు బొమ్మలును, రెండవవైపు రాజు పేరును ఉండుననియు, ఈ రాజు ముద్రింపించిన వానిపై మాత్రము ఒక్క బొమ్మయే కలదనియు వ్రాసెను. నేడు మన చేతికి వచ్చు బాలకృష్ణ వరహాలు ఆ మాట నిజమని చూపుచున్నవి. గ్రంథమును నాణెము, నాణెమును గ్రంథము సమర్థించుట అనగా ఇదియే. 1514లో తిరుమల శ్రీనివాసునకు ఈ రాజు ముప్పదివేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేయించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది.

తరువాతి రాజు అచ్యుతదేవరాయలు. ఈయన నాణెముపై గండభేరుండము కలదు. రెండు తలలు గల ఆ పక్షి ముక్కులతోను, గోళ్ళతోను ఏనుగులను పట్టి యెగురుచున్నట్లుండును. వెనుకవైపు "శ్రీ ప్రతాపాచ్యుతరాయ" అని యుండును. విరూపణ్ణ లెక్కలు వ్రాసినది ఈ నాణెములతోనే యని ఊహించుటకు అభ్యంతర మేమియు లేదు. మొదట మేము వేసికొన్న ప్రశ్నకు సమాధానము ఈ గండభేరుండ వరహా.

క్రీ.శ. 1565 యుద్ధము తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చెను. విజయనగర సింహాసనము మన కొండ క్రిందికి వచ్చినది. తిరుమలరాయల వరహాపై సీతారాములు కూర్చుండగా లక్ష్మణుడు ప్రక్కన నిలిచియుండును. రాజధానిని పోగొట్టుకొని క్రొత్తచోట రాజ్యము నిలుపుకొనుచున్న రాజు, అరణ్యవాసము చేసి రాజ్యమునకు వచ్చిన రాముని ఎన్నుకొనుట యాదృచ్ఛికమా, ఉద్దేశపూర్వకమా అని ఆలోచించుట విద్యార్థులకు మంచి అభ్యాసము. పెనుగొండనుండి చంద్రగిరికి మారిన వేంకటపతిరాయల కాలమునకు వేంకటేశ్వరుడు నాణెముపై నిలిచెను. వెనుకవైపు "శ్రీ వేంకటేశ్వరాయ నమః" అను పంక్తి వచ్చి రాజు పేరే తొలగినది.

ఒకే బొమ్మ, నాలుగు ప్రభుత్వములు

మా దృష్టిలో అన్నిటికంటె ఆసక్తికరమైనది సదాశివరాయల (1542-1570) శివపార్వతుల వరహా. విజయనగరము బలహీనపడిన పిమ్మట ఇక్కేరి నాయకులు ఆ బొమ్మనే తమ వరహాలపై కొనసాగించిరి. 1763లో హైదరలీ ఇక్కేరి నాయకుల రాజధానియగు బిదనూరును జయించెను. జయించినవాడు పాత నాణెమును రద్దు చేయలేదు. శివపార్వతుల బొమ్మను అట్లే యుంచి, వెనుకవైపు తన పేరులోని మొదటి అక్షరమైన "హే" ను మాత్రము ముద్రింపజేసెను. దీనినే బహదూరీ వరహా అందురు. 1799లో మైసూరు సింహాసనమునకు తిరిగి వచ్చిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు కూడ అదే బొమ్మను ఉంచి, వెనుక "శ్రీ కృష్ణరాజ" అని నాగరిలో వేయించెను.

ఇట్లు ఒకే బొమ్మ నాలుగు ప్రభుత్వముల చేతులు మారినది. దీనికి కారణము ఉదారత మాత్రమే యనుట చరిత్రను సులువు చేయుట యగును. షరాబు త్రాసులో అలవాటైన నాణెమే చెల్లును. రైతు శిస్తు కట్టునది, సిపాయి జీతము తీసికొనునది తాను గుర్తించిన బొమ్మతోనే. ప్రజల నమ్మకమును చెఱుపుకొన ఏ తెలివైన ప్రభువును ఇష్టపడడు. అయినను ఒక ముసల్మాను ప్రభువు అక్షరము, శివపార్వతుల మూర్తి ఒకే బంగారు బిళ్ళకు రెండు ముఖములై నలుబది యేండ్ల లోపుననే జనుల మొలలో, మూటలో తిరిగినవన్నది ఉపన్యాసములకంటె బలమైన సత్యము.

హైదరు కుమారుడు టిప్పు సుల్తాను క్రొత్త పద్ధతి నెన్నుకొనెను. ఆయన నాణెములకు పేర్లు పెట్టినాడు. బంగారు మొహరు అహ్మదీ, అర మొహరు సిద్దీఖీ, వరహా ఫారూఖీ. వెండి రూపాయి ఇమామీ, రెండు రూపాయల నాణెము హైదరీ. ఆయన మౌలూదీ శకమును ప్రవేశపెట్టిన పిమ్మట సంవత్సరపు అంకెలను కుడినుండి ఎడమకు వ్రాయించెను. ఈ సంగతి తెలియనివారు సంవత్సరమును తలక్రిందులుగా చదివి పొరబడుదురు.

1799 తరువాత మన ప్రాంతము నిజాము వశమై, 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైనది. కంపెనీవారును వరహాను వెంటనే విడువలేదు. మద్రాసులో నక్షత్రపు గుర్తు గల వరహా చెల్లుచుండెను. దానికి 42 పణములు, పణమునకు 80 కాసులు. అనగా ఒక వరహాకు 3,360 కాసులు. 1818లో వెండి రూపాయి ప్రమాణమై, వరహాకు మూడున్నర రూపాయల చొప్పున లెక్క కట్టబడినది. శతాబ్దముల వరహా అక్కడితో లెక్కల పుస్తకములనుండి తప్పుకొని కాసులపేరులలోనికి, దేవుని గదులలోనికి చేరినది.

జర్మను సంస్థానములతో పోలిక

ఐరోపాలో నాణెముల సేకరణ గొప్ప విద్యగా పెరిగినది. అందు పాత జర్మను సంస్థానముల బంగారు నాణెములకు ప్రత్యేక స్థానము కలదు. 1871కి పూర్వము ప్రష్యా, బవేరియా, సాక్సనీ, హానోవరు మొదలైన ప్రతి సంస్థానమును తన నాణెమును తాను ముద్రించుకొనెను. రైను నదీ తీరమున బవేరియా, బాడెన్ ప్రభువులు ఆ నది ఇసుకను కడిగి తీసిన బంగారముతోనే డుకాట్లు వేయించి, ఇది రైను బంగారమని లాటిను భాషలో వానిపై చెక్కించిరి. డుకాటు బరువు సుమారు 3.49 గ్రాములు. మన వరహా సుమారు 3.4 గ్రాములు. సముద్రముల కావల ఉన్న రెండు దేశములలో వర్తకుని అఱచేతికి ఇంచుమించు ఒకే బరువు అలవాటైనది!

1871లో జర్మను సామ్రాజ్య మేర్పడినప్పుడు ఇరువదియైదు రాజ్యములు అందులో చేరినవి. బంగారు మార్కు నాణెములు వచ్చినవి. ఇరువది మార్కుల నాణెము బరువు అంతటను 7.965 గ్రాములే, అందు వేయింట తొమ్మిదివందల పాళ్ళు బంగారము. వెనుకవైపు అందఱికిని సామ్రాజ్యపు గ్రద్ద. ముందువైపు మాత్రము ఏ రాజ్యపు ప్రభువు ముఖము ఆ రాజ్యమునకే. రాజులు లేని హాంబర్గు వంటి స్వతంత్ర నగరములు తమ నగర చిహ్నమును వేసికొన్నవి. టంకశాలను తెలుపుటకు ఒక్కొక్క అక్షరము: బెర్లినుకు "ఏ", మ్యూనిచ్చికి "డి". సేకరించువారు రాజ్యము, ప్రభువు, సంవత్సరము, టంకశాల అక్షరము అను నాలుగు గుర్తులతో పట్టిక వ్రాసికొని, లేని గడిని పూరించుకొనుచు పోవుదురు.

మన వరహాలకును ఇదే సూత్రము వర్తించును. బరువు ఒకటే, బొమ్మలు వేఱు. అయితే జర్మను నాణెములకు అచ్చయిన పట్టికలు, టంకశాల లెక్కలు కలవు. మన వరహాపై సంవత్సరము లేదు, టంకశాల పేరు లేదు. కనుక అది ఎక్కడ దొరకినది, దేనితో కలిసి దొరకినది అనునదే దాని జన్మపత్రము. ఆ వివరము పోయినచో సగము చరిత్ర పోయినట్లే.

ఈ రెండు దేశములకు మఱొక సంబంధము కూడ కలదు. విజయనగర రాజుల నాణెములపై 1891లో "ఇండియన్ ఆంటిక్వెరీ" పత్రికలో ప్రామాణికమైన వ్యాసము వ్రాసిన యూజెన్ హుల్ష్ పండితుడు సాక్సనీ రాజ్యములోని డ్రెస్డెనులో 1857లో జన్మించినవాడు. మద్రాసు ప్రభుత్వమున శాసన పరిశోధకుడుగా పనిచేసినవాడు. అంతదూరమునుండి వచ్చిన ఆయన మన రాజుల పేర్లను ఓపికతో చదివి ప్రకటించగా, ఆ రాజులు నడచిన నేలపై పుట్టిన మనము వానిని చదువకుండుట శోచనీయము.

మూసలో కఱగిన వరహా

ఇచ్చట మా అనుభవ మొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట, మాకు పరిచయమున్న ఒక కుటుంబమువారు వివాహ సందర్భమున ఇంటి పెద్దావిడ కాసులపేరును చెఱిపించి గాజులు చేయింప సంకల్పించిరి. పేరులోని కాసులన్నియు ఒకే అచ్చువి. ఒక్కటి మాత్రము వేఱుగా, దళసరిగా నున్నదని మాకు చూపించిరి. అది గండభేరుండ వరహా. పైన కొక్కెము అతికించుటచే ఒక పక్షి తల అణగిపోయినది. రెండవ తల, గోళ్ళలోని ఏనుగులు స్పష్టముగా నున్నవి. వెనుక "అచ్యుత" అను అక్షరములు చదువ వీలయినవి.

మేము దానిని ఉంచుకొనుడని చెప్పితిమి. "అయ్యా, మూడున్నర గ్రాముల బంగారము. పిల్ల పెండ్లికి తక్కువ పడుచున్నది. దీనిని దాచుకొని మేమేమి చేయుదుము?" అని పెద్దావిడ అడిగినది. ఆ ప్రశ్నకు ఆ పూట మావద్ద సమాధానము లేదు. దానిని కొను స్తోమతయు మాకు లేదు. పలుచని కాగితము నడిగి పుచ్చుకొని, నాణెముపై ఉంచి, మెత్తని పెన్సిలుతో రుద్ది రెండు ముఖముల అచ్చును తీసికొంటిమి. మఱునాడు ఆ వరహా కంసాలి మూసలో కఱగిపోయినది. అచ్యుతరాయల పేరు గల ఆ బంగారము ఇప్పుడు ఏ గాజులో నున్నదో ఎవరికిని తెలియదు. కాగితము మాత్రము మావద్ద నున్నది.

ఆ పెద్దావిడను తప్పుపట్టుట మాకు సమ్మతము కాదు. ఆమెకు తెలుపవలసిన మాటను ముందుగా తెలుపని చదువుకొన్నవారిదే ఆ తప్పు. పాత నాణెమునకు బంగారపు వెల వేఱు, చరిత్ర వెల వేఱు అనియు, మ్యూజియములవారికి, నిజమైన సేకర్తలకు చూపినచో రెండవ వెల మొదటిదానికంటె ఎక్కువ కావచ్చుననియు ఆమెకు ఎవరును చెప్పలేదు.

సేకరించువారు పాటింపవలసినవి

మొదటిది: నాణెమును తోమరాదు. చింతపండు, ఇటుకపొడి, ఆమ్లములు తగిలినచో అక్షరములు అరగును.

రెండవది: నకిలీలను గుర్తింపవలెను. పాత వరహా అచ్చులపై సుత్తితో కొట్టబడినది. అంచు సమముగా నుండదు, బొమ్మ ఒకప్రక్కకు జరిగి యుండవచ్చును. పోతపోసిన నకిలీకి అంచున సన్నని అతుకు, ముఖముపై బుడగల గుంటలు కనబడును. రామపట్టాభిషేకము గల పెద్ద "రామటంకము"లు పూజకొఱకు చేయబడినవి, చెలామణి నాణెములు కావు. వానిని విజయనగర నాణెములని చెప్పి అమ్మువారు కలరు.

మూడవది: విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గీటురాయి లేకుండనే బంగారమును పరీక్షింపగలరు. నాణెమును గాలిలో తూచి, దారముతో వ్రేలాడదీసి నీటిలో తూచవలెను. 3.4 గ్రాముల నాణెము మేలిమి బంగారమైనచో నీటిలో సుమారు 0.18 గ్రాము మాత్రమే తగ్గును. ఇత్తడియైనచో తగ్గుదల 0.4 గ్రాము వఱకు ఉండును. మన ప్రయోగశాలలోని త్రాసు ఇందుకు చాలును.

నాలుగవది: బరువు, వ్యాసము, రెండు ముఖముల వర్ణన, లిపి, దొరకిన చోటు అను ఐదు అంశములను వెంటనే వ్రాసికొనవలెను. బంగారము కొనలేని విద్యార్థి ఈ వివరములను, పెన్సిలు అచ్చులను సేకరింపవచ్చును. అదియు సేకరణయే. మా అభిప్రాయమున అదియే ఉత్తమమైన సేకరణ.

ఐదవది: చట్టము తెలిసికొనవలెను. 1878 నాటి నిక్షేపనిధుల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన పాతకాలపు నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. తెలిపినచో అంతయు పోవునను భయము పల్లెలలో కలదు. ఇది సరికాదు. ప్రభుత్వము నిధిని తీసికొనదలచినచో లోహపు విలువకు ఐదవ వంతు అదనముగా చేర్చి చెల్లింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. దాచినవానికి మాత్రము వాటా పోవుటయే కాక శిక్షయు కలదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన నాణెములను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. అనుమతిపత్రము లేక వాని వ్యాపారము చేయరాదు. గుప్తనిధుల ఆశతో గుడులను, కోటలను, సమాధులను త్రవ్వువారు చట్టమునకే కాక తమ ఊరి చరిత్రకే ద్రోహము చేయుచున్నారు.

ముగింపు

నేడు లేపాక్షి, హిందూపురము, పెనుగొండ, ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. పెనుగొండలో గగనమహలు నిలిచి యున్నది. బాబయ్య దర్గాకు అన్ని మతములవారును పోవుచున్నారు. లేపాక్షి బసవన్న చెక్కు చెదరక కూర్చున్నాడు. రాతికట్టడములను ఎవరును మూసలో వేయలేరు. బంగారమునకు ఆ రక్షణ లేదు. దాని విలువయే దానికి శత్రువు.

కావున విద్యార్థి మిత్రులకు మా విన్నపము. ఈ సెలవులలో మీ అవ్వతాతలను, నానీ దాదీలను పాత నాణెము లున్నవా యని మర్యాదతో అడుగుడు. బంగారమే కానక్కఱలేదు; రాగి కాసైనను, హైదరాబాదు హాలీ సిక్కా యైనను సరియే. తీసికొనవలదు, తోమవలదు. చదివి, తూచి, అచ్చు తీసి, వారికి దాని కథ చెప్పుడు. ఉర్దూ విద్యార్థి పారసీ ముద్రను చదువగా, తెలుగు విద్యార్థి నాగరి అక్షరములను కూడబలుకవచ్చును. ఒకరి సాయము లేక ఒకరికి బహదూరీ వరహా పూర్తిగా అర్థము కాదు. కళాశాల పాలకవర్గమువారు గ్రంథాలయమున ఒక చిన్న బీరువాను ఈ అచ్చులకు, వివరములకు కేటాయింతురేని మేము మావద్ద నున్న గండభేరుండపు కాగితమును మొట్టమొదట అందులో ఉంచుదుము.